పండితుడు నవల రాస్తే

పాండిత్యం పెరిగేకొద్దీ సృజన తరుగుతుందన్న నమ్మకం మన సాహితీపరుల్లో చాలామందికి ఉంది. తాళపత్రాలు పరిష్కరించేవాడు, శాసనాలు చదివేవాడు, ఛందోవ్యాకరణాల్లో మునిగినవాడు నవల రాస్తే అది నవలగా ఉండదని, పాదసూచికలు తీసేసిన సిద్ధాంత వ్యాసంగా ఉంటుందని ముందే తీర్మానించేసుకుంటారు. ఈ నమ్మకానికి ఆధారాలు లేకపోలేదు. పాఠకుణ్ణి విద్యార్థిగా కూర్చోబెట్టి పాఠం చెప్పే చారిత్రక నవలలు మనకూ ఉన్నాయి, ఇతరులకూ ఉన్నాయి. ఐనా ఆ దోషం పాండిత్యానిది కాదని, అరకొర పాండిత్యానిదని నా అభిప్రాయం. నా పక్షాన నేను పిలిచే సాక్షి రష్యన్ రచయిత యెవ్‌గేనీ వొదొలాజ్కిన్.

ఈయన 1964లో కీవ్ నగరంలో పుట్టాడు. అక్కడి విశ్వవిద్యాలయంలో చదువు ముగించి, 1986లో లెనిన్‌గ్రాడ్ (నేటి సెయింట్ పీటర్స్‌బర్గ్) వెళ్ళి, ‘పుష్కిన్ భవనం’ అని అందరూ పిలుచుకునే రష్యన్ సాహిత్య పరిశోధన సంస్థలో ప్రాచీన రష్యన్ సాహిత్య విభాగంలో చేరాడు. ఆ విభాగానికి పెద్ద ద్మీత్రీ లిఖచోవ్. 1990 నుంచి వొదొలాజ్కిన్‌కు అక్కడే ఉద్యోగం. తొలి నవల ‘యూరోపా అపహరణ’ 2005లో వచ్చేనాటికి వయసు నలభై దాటింది. ‘సొలొవ్యోవ్, లరియోనోవ్’ 2009లోనూ, పేరు తెచ్చిన ‘లావ్ర్’ 2012లోనూ వచ్చాయి. ‘లావ్ర్’కు 2013లో ‘బల్షాయా క్నీగా’ (అంటే పెద్ద పుస్తకం) బహుమతి, ‘యాస్నయా పొల్యానా’ బహుమతి రెండూ దక్కాయి. లీసా హేడెన్ చేసిన ఇంగ్లీషు అనువాదం ‘లారస్’ పేరుతో 2015లో వెలువడింది.

ఇరవయ్యేళ్ళపాటు ఆయన చదివింది ఏమిటో తెలిస్తే తప్ప ఆ నవల ఎందుకలా ఉన్నదో తెలియదు. తొమ్మిదవ శతాబ్దిలో జార్జి హమార్తోలోస్ అనే బైజాంటియం సన్యాసి ఆదాము మొదలుకొని తన కాలం దాకా లోకచరిత్ర రాశాడు. (హమార్తోలోస్ అంటే గ్రీకులో పాపి. అది ఇంటిపేరు కాదు, వినయంతో సన్యాసులు తమకు తాము పెట్టుకునే పేరు. మన కవులు మందమతిని అని చెప్పుకోవడం వంటిదే, కాకపోతే ఈయన నిజంగానే అనుకున్నాడేమో.) ఆ గ్రంథం స్లావు భాషలోకి వచ్చింది, రష్యాలో తొలి చరిత్ర రాసినవారికి మూలాధారాల్లో ఒకటయింది. వొదొలాజ్కిన్ తొలి సిద్ధాంతగ్రంథం ఈ అనువాదం మీద, రెండవది ప్రాచీన రష్యన్ సాహిత్యంలో లోకచరిత్ర అన్న విషయం మీద.

ఇటువంటి గ్రంథాల్లో రచయిత ‘నేను’ అనడు. పూర్వుల వాక్యాలను పేరు చెప్పకుండా తనవిగా ఎత్తుకుంటాడు, అది చౌర్యం కాదు, మర్యాద. ఎత్తి రాసే ప్రతి లేఖకుడూ ఒకటి కలుపుతాడు, ఒకటి తీసేస్తాడు, గ్రంథం ఎన్నటికీ పూర్తి కాదు. సంవత్సరాలు వరుసగా సాగుతాయిగాని మనిషి నిన్నటికన్న నేడు ముందుకు వెళ్ళాడన్న భావం ఎక్కడా కనబడదు. లిఖచోవ్ దీనికి ‘సాహిత్య మర్యాద’ అని పేరు పెట్టాడు. రాజు రాజులాగా, సాధువు సాధువులాగా, యుద్ధం యుద్ధంలాగా వర్ణితం కావాలి. జరిగినదానితో పాటు, జరగవలసినది కూడా రాయాలి. కవిసమయాలు, అష్టాదశ వర్ణనలు ఎరిగిన మనకు ఇది అర్థం కావడం కష్టమేమీ కాదు. బహుశా పాశ్చాత్యుల కంటె మనకే సులువు.

ఇహ ‘లావ్ర్’ సంగతి. పదిహేనవ శతాబ్ది ఉత్తర రష్యా. కిరిల్లో-బెలొజెర్స్క్ మఠం దగ్గర పల్లెలో 1440లో అర్సేనీ అనే పిల్లవాడు పుడతాడు. తల్లిదండ్రులు మహమ్మారికి పోతే మూలికావైద్యుడైన తాత పెంచుతాడు. తాత తనకు తోచినవన్నీ భూర్జపత్రాల మీద రాసిపెట్టుకుంటాడు. తాత పోయాక, మహమ్మారికి ఊరంతా పోగొట్టుకుని వచ్చిన ఉస్తీనా అనే అమ్మాయిని అర్సేనీ చేరదీస్తాడు. లోకానికి భయపడి ఆమెను దాచి ఉంచుతాడు, ప్రసవానికి మంత్రసానిని కూడా పిలవడు. తల్లీ బిడ్డా ఇద్దరూ పోతారు. పెళ్ళి లేదు, ప్రాయశ్చిత్తం లేదు, చర్చి సంస్కారం లేదు. ఆ తరువాతి ఆయుర్దాయమంతా ఆమెకు బదులుగా ఆమె పేర బతకడానికి అతను చేసిన ప్రయత్నమే నవల. వైద్యుడిగా ఊళ్ళు తిరుగుతాడు, ప్స్కోవ్ నగరంలో ‘ఉస్తీన్’ అన్న పేరుతో అవధూతలాగా ఏళ్ళు గడుపుతాడు, జెరూసలేము యాత్ర చేస్తాడు, తిరిగివచ్చి మఠంలో అమ్‌వ్రోసీ అవుతాడు, చివరికి ఏకాంతవాసియై లావ్ర్ అవుతాడు. ఒక మనిషి, నాలుగు పేర్లు. దీక్షతో పేరు మారడం, పేరుతో మనిషి మారడం మనకూ పరిచయమైన సంగతే.

ఈ నవల శీర్షిక కింద ‘చారిత్రకం కాని నవల’ అని రచయిత స్వయంగా వేసుకున్నాడు. పాత రష్యా గురించి ఆ తరంలో కొద్దిమందికే తెలిసినంత తెలిసినవాడు ఈ మాట వేసుకోవడం చాలామందికి వింతగా తోచింది. పుస్తకంలో ఒకచోట వసంతం వచ్చి అడవిలో మంచు కరుగుతుంది. కింద నుంచి నిరుటి ఆకులు, చింకిగుడ్డలు, వాటితోపాటు ప్లాస్టిక్ సీసాలు బయటపడతాయి. పదిహేనవ శతాబ్దిలో ప్లాస్టిక్ సీసాలు! అచ్చుతప్పేమోనని, పొరపాటేమోనని అనుకున్న పాఠకులున్నారు. కాలక్రమం తెలియనివాడు చేస్తే అది తప్పు. కాలక్రమం మీదే సిద్ధాంతగ్రంథం రాసినవాడు చేస్తే అది వాదం. అర్సేనీ లోకంలో నిన్న, నేడు, రేపు అనేవి ఒకదానిమీద ఒకటి పేర్చిన పొరలు. మంచు కరిగితే ఏ పొర బయటపడుతుందో చెప్పలేం. అతనితో జెరూసలేము వెళ్ళే అంబ్రోజియో అనే ఇటాలియనుకు ఇరవయ్యవ శతాబ్ది దృశ్యాలు కళ్ళకు కడుతుంటాయి. ఈ అంబ్రోజియో రష్యాకు వచ్చిన కారణమే కాలగణనం. సృష్టి మొదలై 7000 సంవత్సరాలు నిండే 1492లో లోకం అంతమవుతుందని నాటి రష్యాలో నమ్మకం. ఈస్టరు తేదీల పట్టికలు కూడా అంతవరకే గణించి పెట్టుకున్నారు. ఇది కల్పన కాదు, చరిత్ర. ప్లాస్టిక్ సీసా కల్పన. రెండూ ఒకే పుస్తకంలో ఒకదాన్నొకటి పాడుచేయకుండా ఉండటమే పాండిత్యం చేసిన మేలు.

మరో ఉదాహరణ. ప్స్కోవ్ వీధుల్లో అర్సేనీ పుణ్యాత్ముల ఇళ్ళ మీద రాళ్ళు రువ్వుతాడు, పాపుల ఇళ్ళ గోడలను ముద్దుపెట్టుకుంటాడు. జనం వెర్రి అనుకుంటారు. సంగతేమిటంటే, పుణ్యాత్ముల ఇళ్ళలోకి చొరలేని దయ్యాలు వెలుపలి గోడలకు వేలాడుతుంటాయి, పాపుల ఇళ్ళలో ఉండలేని దేవదూతలు బయట నిలబడి ఏడుస్తుంటారు. ఈ ఘట్టం మాస్కో అవధూత వసీలీ గురించి చెప్పుకునే పాత కథల్లోనిది. అలాగే లావ్ర్ తన మృతదేహాన్ని కాళ్ళకు తాడు కట్టి చిత్తడినేలలోకి ఈడ్చివేయమని రాసిన మరణశాసనం చదివితే, 1508లో మరణించిన నీల్ సోర్‌స్కీ అనే సన్యాసి తన శరీరాన్ని అడవిలో మృగాలకు పారవేయమని రాసిన వీలునామా గుర్తుకొస్తుంది. పాదసూచిక లేదు, కృతజ్ఞతల పుట లేదు. మధ్యయుగపు లేఖకుడు చేసిన పనే వొదొలాజ్కినూ చేశాడు, పూర్వుల మాట ఎత్తుకుని తన గ్రంథంలో నిలబెట్టాడు. చాలామంది నవలాకారులు పాత గ్రంథాల నుంచి బట్టలూ నగలూ వంటలూ తెచ్చుకుంటారు. ఈయన తెచ్చుకున్నది పాత గ్రంథం కట్టుబాటునే.

అందుకే ఈయనను రష్యన్ ఉంబెర్తో ఎకో అనడం నాకు అంగీకారం కాదు. పోలిక ఎందుకొచ్చిందో తెలుసు. ఎకో కూడా మధ్యయుగ పండితుడే, ఆయన తొలి పరిశోధన థామస్ అక్వినాస్ సౌందర్యశాస్త్రం మీద, ‘గులాబీ పేరు’ నవల 1980లో వచ్చింది, అప్పటికి ఆయన వయసు నలభై ఎనిమిది. ఐతే ఎకో చేసింది ఆధునిక మేధావిని అంగీ తొడిగి మఠంలోకి పంపడం. అతని విలియం మనవాడు, హేతువాది, అపరాధ పరిశోధకుడు. అతని కళ్ళతో మనం మధ్యయుగాన్ని చూస్తాం, కొంచెం జాలిపడతాం, కొంచెం భయపడతాం. ‘లావ్ర్’లో మన తరఫున వెళ్ళినవాడెవడూ లేడు, వాళ్ళే మనల్ని చూస్తారు. ఎకో నవల నాకు ఎంతో ఇష్టం, ఐనా రెండూ రెండు వేర్వేరు పనులు.

భాష విషయం చెప్పకపోతే ఈ టపాకు అర్థం లేదు. ‘లావ్ర్’లో ప్రాచీన స్లావు మాటలు, నేటి వీధిభాష, సోవియట్ కచేరీ భాష ఒకే పేజీలో, ఒక్కోసారి ఒకే సంభాషణలో, కలిసి వస్తాయి. ఒక సాధువు పాత ప్రార్థనలోని మాటతో మొదలుపెట్టి గుమాస్తాలాగా ముగిస్తాడు. దీన్ని ఎవరైనా తెలుగు చేయవలసివస్తే ఏం చేయాలి? పాత స్లావుకు బదులుగా నన్నయ భాష వాడదామా? అది రాజాస్థానం భాష అయిపోతుంది. శాసనాల తెలుగు వాడదామా? చదివేవాడికి ఒక్క ముక్క అర్థం కాదు. నాకు తోచినంతలో పాల్కురికి సోమనాథుడి ద్విపదలోని జానుతెనుగు పలుకుబడి సరిపోతుంది. అది పాతది, భక్తులది, నోటిమీద నడిచినది. దాని పక్కనే తహసీల్దారు కచేరీ భాషను, ఇప్పటి బస్టాండు భాషను పెట్టవచ్చు. గ్రాంథిక వ్యావహారిక వివాదంలో శతాబ్దం పైగా తలలు బద్దలు కొట్టుకున్న మనం ఈ రెండూ ఒకే నవలలో ఒకే మనిషి నోట పలకవచ్చునని పెద్దగా ఆలోచించినట్టు లేదు.

అన్నట్టు లిపి వివాదం అంటే గుర్తొచ్చింది. వొదొలాజ్కిన్ గురువు లిఖచోవ్ విద్యార్థిగా ఉన్నప్పుడు, విప్లవం తర్వాత రద్దయిన పాత వర్ణక్రమం గొప్పదని మిత్రబృందంలో సగం వేళాకోళంగా ఒక వ్యాసం చదివాడు. కొద్దికాలానికే, 1928లో, ఆ బృందంతోపాటు అరెస్టయ్యాడు. శ్వేతసముద్రంలోని సొలొవ్కీ ద్వీపాల్లో, ఒకప్పుడు మఠం, అప్పటికి నిర్బంధ శిబిరం, అక్కడ మూడేళ్ళు గడిపాడు. 1929 శరత్కాలంలో ఒక రాత్రి సామూహికంగా కాల్చివేతలు జరిగాయి. తనకోసం వచ్చారని తెలిసి ఆయన కట్టెల మోపుల చాటున దాక్కుని తెల్లవార్లూ తుపాకుల చప్పుడు విన్నాడు. తన స్థానంలో ఇంకొకడు పోయాడని, ఇక ఆ ఇద్దరికోసమూ బతకాలని నిశ్చయించుకున్నట్టు తన జ్ఞాపకాల్లో రాశాడు. ఱ కోసం, అరసున్న కోసం వాదులాడుకునే మన పండితులకు ఇంత ప్రమాదం ఎన్నడూ రాలేదు, సంతోషం.

ఒకరికి బదులుగా మరొకరు బతకడం. ‘లావ్ర్’ ఇతివృత్తం ఇదే కదా! గురువు అనుభవం శిష్యుడి నవలలోకి ఇలా ప్రవహించిందని రుజువు చేయలేను, ఊహ మాత్రమే. 2016లో వచ్చిన ‘వైమానికుడు’లో మాత్రం ఆ సంబంధం దాగదు. అందులో ఇన్నొకెంతీ ప్లతోనొవ్ 1900లో, శతాబ్దితోపాటు పుడతాడు. సొలొవ్కీ శిబిరంలో ఖైదీలమీద జరిగిన ఒక ప్రయోగంలో అతణ్ణి గడ్డకట్టిస్తారు. 1999లో సెయింట్ పీటర్స్‌బర్గ్ ఆసుపత్రిలో కళ్ళు తెరుస్తాడు. (లిఖచోవ్ మరణించింది కూడా 1999లోనే.) వైద్యుడు గైగర్ అతనికి ఏమీ చెప్పడు, జ్ఞాపకం వచ్చింది రాసుకోమని కాగితాలిస్తాడు. ప్లతోనొవ్ రాసేది విప్లవం గురించి కాదు. అవి పుస్తకాల్లో ఉన్నాయి, గైగరే చెప్పగలడు. అతను రాసేవి గదిలోని వాసనలు, చప్పుళ్ళు, పల్లెలో ఇంటి వరండా, ఎవరో అన్న చిన్న మాట. ఆ మనుషులు పోతే వాటితోపాటు పోయేవి, ఏ ప్రాచీన లేఖన భాండాగారంలోనూ లేనివి.

పండితుడు నవల ఎందుకు రాశాడన్న ప్రశ్నకు సమాధానం నాకు ఇక్కడే కనబడింది. ఇరవయ్యేళ్ళు ప్రమాణాలతో పనిచేసినవాడికి ప్రమాణం లేనిది ఎంత ఉందో మనకంటె స్పష్టంగా తెలుస్తుంది. వాసనకు పాదసూచిక లేదు. యూరీ తిన్యానొవ్ అనే మరో రష్యన్ సాహిత్య పండితుడు, దస్తావేజు ఆగిపోయినచోట తన పని మొదలవుతుందన్నాడు, గ్రిబొయేదొవ్ మీద గొప్ప నవల రాశాడు. వొదొలాజ్కిన్‌ది అదే దారి. దస్తావేజు ఎక్కడ ఆగుతుందో తెలియాలంటే దస్తావేజు చివరిదాకా చదివినవాడై ఉండాలన్నదే నా వాదం. ‘సొలొవ్యోవ్, లరియోనోవ్’లో తెల్ల సైన్యపు జనరల్ మీద పరిశోధన చేసే కుర్ర చరిత్రకారుణ్ణీ, అతని సమావేశాల్నీ, పాదసూచికల్నీ ఆటపట్టిస్తూ ఆయన తన వృత్తినే నవ్వులపాలు చేశాడు. ఆ నవ్వు బాగుంటుంది, నవలగా దాన్ని మిగతా రెండింటి సరసన కూర్చోబెట్టలేను.

ఇంత మెచ్చుకున్నాక అభ్యంతరాలూ చెప్పాలి. ఉస్తీనా సంగతి చూడండి. నవలంతా ఆమె కోసమే, కాని ఆమె ఎవరో మనకు తెలియదు. కొద్ది పేజీలు కనబడి, ప్రసవవేదనలో పోయి, తరువాత మిగతా పుస్తకమంతా కథానాయకుడి పశ్చాత్తాపానికి ఆలంబనమవుతుంది. అతను ఆమెతో మాట్లాడుతూనే ఉంటాడు, ఆమె జవాబు చెప్పదు. సాధుచరిత్రల మర్యాద అలాగే ఉంటుంది, స్త్రీ ఒక పరీక్ష, లేదా ఒక జ్ఞాపకం. పాత గ్రంథం కట్టుబాటును తెచ్చుకున్నప్పుడు దాని గుడ్డితనం కూడా వెంట వచ్చింది. పండితుడు ఇంకొంచెం కటువుగా ఉండవలసిన చోటు ఇదేననిపించింది. రెండవది, కాలం లేదు, అంతా ఒకేసారి ఉన్నది అన్న దర్శనం పదిహేనవ శతాబ్ది అడవిలో అందంగా ఉంటుంది. 2018లో వచ్చిన ‘బ్రిస్బేన్’ నవలలో రచయితలాగానే కీవ్‌లో పుట్టిన గిటారు విద్వాంసుడి బాల్యం ఉంది, రష్యన్ ఉక్రేనియన్ భాషలు రెండూ ఉన్న ఇల్లు ఉంది, మైదాన్ ఆందోళన ఉంది. 2022 ఫిబ్రవరి తరువాత ఆ పుస్తకం తెరిస్తే కాలం లేదన్న మాట గొంతు దిగడం కష్టం. సంవత్సరం, నెల, తేదీ చాలా గట్టిగా ఉన్నాయి.

తెలుగు పాఠకుడికి రష్యన్ సాహిత్యమంటే మాస్కో ప్రగతి, రాదుగ ప్రచురణలు. ఉప్పల లక్ష్మణరావు వంటివారి అనువాదాల్లో, విశాలాంధ్ర దుకాణాల్లో కారుచవకగా దొరికిన గోర్కీ, తొల్‌స్తోయ్, చేహొవ్. ఆ చవక పుస్తకాల రుణం తీరేది కాదు. అందులో మనకు చేరింది ప్రధానంగా పంతొమ్మిదవ శతాబ్ది, ఆ తరువాత సోవియట్ కాలం. అంతకు ముందటి ఏడెనిమిది వందల ఏళ్ళ రష్యా మన ఊహలో ఖాళీ. మన నవల సంగతి చూస్తే, నోరి నరసింహశాస్త్రి ‘నారాయణభట్టు’, ‘రుద్రమదేవి’ రాశారు, విశ్వనాథ ‘పురాణవైర గ్రంథమాల’ రాశారు. ఇద్దరూ గట్టి చదువరులు. ఐనా నోరివారి నవలల్లో నాకు కనబడేది ఆధునిక నవలారీతిలో చెప్పిన పాతకథ. విశ్వనాథవారు పాతకాలపు చూపుతో కథ చెప్పడానికి తెగించారు, ఐతే వాదన కథను మింగిన చోట్లు చాలా ఉన్నాయి. పాత గ్రంథం నడకనే నవల నడకగా చేసే ప్రయత్నానికి మన దగ్గర సామగ్రి కొదవ లేదు. కైఫీయతులున్నాయి, భక్తచరిత్రలున్నాయి, దండకవిలెలున్నాయి. తాళపత్రాల గదిలో కూర్చున్నవారు నవలలు చదవరు, నవలాకారులు ఆ గది గుమ్మం తొక్కరు.

అసలు ప్రాచీన రష్యన్ సాహిత్యానికీ మన నేలకూ ముడి ఒకటి ఉండనే ఉంది. అర్సేనీ బతికిన కాలంలోనే త్వేర్ నగరపు వర్తకుడు అఫనాసీ నికీతిన్ సముద్రాలు దాటి బహమనీ రాజ్యపు బీదరు చేరాడు. అతను రాసుకున్న ‘మూడు సముద్రాలకు ఆవలి యాత్ర’ పుష్కిన్ భవనం పండితులు పాఠం చెప్పే గ్రంథాల్లో ఒకటి. అందులో ‘పర్వత్’ అని రాసిన చోటును పండితులు శ్రీపర్వతంగా, మన శ్రీశైలంగా గుర్తించారు. శివరాత్రికి అక్కడికి వెళ్ళాడు, అది హిందువుల జెరూసలేము అన్నాడు, నల్లరాతి నందిని చూశాడు. వర్తకుడు కదా, తలకు రెండు షేష్కానీల చొప్పున సుంకం వసూలు చేస్తున్నారని కూడా లెక్క రాసుకున్నాడు. అంతకు సుమారు రెండు శతాబ్దాల ముందే సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’ పర్వత ప్రకరణంలో అదే కొండకు అదే శివరాత్రికి నడిచివెళ్ళే జనాన్ని వర్ణించాడు. దారిలో వోల్గా దగ్గర దొంగలు దోచుకున్నప్పుడు నికీతిన్ తన పుస్తకాలన్నీ పోగొట్టుకున్నాడు, ఈస్టరు ఎప్పుడో తెలిపే పట్టికలు వాటితోపాటే పోయాయి. ఏ రోజు పండుగో, ఏ రోజు ఉపవాసమో తెలియక దక్కనులో ఏళ్ళ తరబడి ఊహమీద లెక్క కట్టుకుని, కొన్నాళ్ళు చుట్టూ ఉన్న ముస్లిములతోపాటు ఉపవాసాలుండి, తురుష్క, పారశీక, అరబ్బీ మాటలు కలిసిన ప్రార్థనలు రాసుకుని, తిరుగుప్రయాణంలో త్వేర్ చేరకుండానే స్మొలెన్‌స్క్ దగ్గర మరణించాడు.